హంసరాజకుమారి: ఒక చిత్రకారుని యిల్లాలు

నేతగాని యింట బట్టకు వచ్చిన పేరు మగ్గముపై కూర్చున్నవానిది. కండెలు చుట్టిన యిల్లాలి పేరు అంగడిదాక పోదు. సోలాపురములో కొంతం చౌక్ పరిసరముల తెలుగువారి కిది తెలిసిన సంగతియే. భార్యను దివ్యకన్యగా చిత్రించిన చిత్రకారుల కృతులను జూచునపుడును ఇట్టి ప్రశ్నయే కలుగును: ఆ రూపము ఎవరి సృష్టి?

కంటికి గనబడు వస్తువుచే కనబడని భావమును సూచించుట ప్రతీకవాద చిత్రకారుల మార్గము. వారిలో రష్యా దేశీయుడగు మిహయిల్ వ్రూబెల్ (1856–1910) ముఖ్యుడు. ఆయన 1896లో నదేజ్దా జబేలా యను గాయనిని వివాహమాడెను. 1900లో ఆయన రచించిన 'హంసరాజకుమారి' చిత్రము మాస్కోలోని త్రెత్యకోవ్ చిత్రశాలలో నున్నది. ఇతివృత్తము పుష్కిన్ కవి కథలోనిది: రాజకుమారుడు గ్రద్ద బారినుండి కాపాడిన హంస కన్యయై అతనిని వరించును. ఆ కథను రిమ్‌స్కీ-కోర్సకోవ్ సంగీతనాటకముగా కూర్చగా, ఆ సంవత్సరమే ప్రదర్శన జరిగెను. హంస పాత్రను జబేలా పాడెను, రంగాలంకరణ వ్రూబెల్‌ది.

చిత్రములో సంధ్యవేళ, నల్లని సముద్రము. కన్య వెనుదిరిగి భుజముమీదుగా చూచుచున్నది. శిరమున రత్నకిరీటము; తెల్లని రెక్కలపై అస్తమయపు గులాబి కాంతి. ఆమె వచ్చుచున్నదో, పోవుచున్నదో తెలియదు. నలదమయంతుల కథ నెరిగిన తెలుగువారికి హంస సందేశము మోయు పక్షి. ఇచట మాత్రము సందేశమును, మోయునదియు నొకటియే.

భర్త ప్రేమయే భార్యను అప్సరసగా మార్చినదని కొందరందురు. 1898లో ఆయనయే వ్రాసిన జబేలా చిత్రముతో పోల్చి, ఇందు పోలిక లేదని మరికొందరు తప్పు పట్టుదురు. ఈ రెండు మాటలును ఆమె గాయని యను సంగతిని మరచినవి. అంతకుముందే 'సద్కో' నాటకములో సముద్రరాజు కుమార్తె పాత్రను ఆమె పాడెను. 1899 నాటి 'జార్ పెండ్లికూతురు'లోని మార్ఫా పాత్రను రిమ్‌స్కీ-కోర్సకోవ్ ఆమె కంఠమును దృష్టియందుంచుకొనియే కూర్చెను. కావున ఆ లోకమునకు ఆమెను గొనిపోయినది కుంచె కాదు, ఆమె కంఠమే. చిత్రకారుడు ముఖమును గాక ఆ స్వరమును వ్రాయబూనెను. పోలిక తప్పుటకు కారణ మదియే కావలెను. అయినను చిత్రమున నొక లోపము గలదు. ఆ విశాలనేత్రములు తక్కిన ముఖమును మ్రింగివేసినవి. జబేలా నెరుగనివాడు సర్వమును కుంచె మహిమ యని తలచును.

1902లో వ్రూబెల్ మనోవ్యాధికి లోనయ్యెను. 1903లో వారి పసిబిడ్డ మరణించెను. 1905 నాటి 'కచేరీ తరువాత' అను చిత్రములో రెక్కలు లేవు, కిరీటము లేదు. పాడి అలసిన స్త్రీ నిప్పుగూటి చెంత నున్నది. హంసరాజకుమారిని ఈ చిత్రముతో కలిపి చూచినగాని న్యాయము జరుగదు.

రాజమహేంద్రవరములో దామెర్ల రామారావు (1897–1925) పేర వెలసిన చిత్రశాలలో ఆయన భార్య సత్యవాణి చిత్రములును గలవు. ఆమెయు చిత్రకారిణియే. అచటికి పోవువారు ఆయన చిత్రముల నెంత సేపు చూతురో, ఆమె చిత్రముల ముందును అంత సేపు నిలువవలెను. కండె లేని మగ్గ మెంతసేపు ఆడునో నేతపేటవారి కొకరు చెప్పవలసిన పని లేదు.