తూము దగ్గర లెక్క

గోరంట్ల పక్కన పారే చిత్రావతిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది. ఈ సీమలో పంచుకోవడమంటే ముందు చెరువు గుర్తొస్తుంది, ఆ వెంటనే నీరుగంటి. తూము ఎత్తేదీ దించేదీ అతనే. ఏ మడికి ఎంతసేపు కాలువ తిప్పాలో అతని పారకు తెలిసేది. అతనికి దక్కేది కళ్లంలో రైతులు కొలిచిచ్చే మేర. చాలాచోట్ల ఆ ఆయకట్టులో అతనికి సొంత మడి ఉండేది కాదు. ఈ చివరి మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

2016 మార్చిలో నెడ్ స్కాట్, డాన్ లారిమర్ మొదలుపెట్టిన స్టీమ్ అనే బ్లాక్‌చెయిన్ సోషల్ నెట్‌వర్క్‌ను విప్పి చూస్తే నాకు చెరువు కట్టినవాళ్ల పనితనమే కనిపిస్తుంది. పోస్టుకింత అని అక్కడ రేటు లేదు. కొత్తగా పుట్టే నాణేల్లో కొంత ఒక చోట చేరుతుంది, పడిన ఓట్లను బట్టి అందులోంచే అందరికీ పాళ్లు. రాసేవాళ్లు పదింతలైతే నీళ్లు పదింతలు కావు, ఒక్కొక్కరి పాలు పలచబడుతుంది. ఓటుకూ కొలత ఉంది. పూర్తి ఓటు ఒకటి వేస్తే ఓటు బలంలో 2 శాతం తరుగుతుంది, రోజుకు 20 శాతం తిరిగి ఊరుతుంది. రోజుకు పది ఓట్లు తోడినా బావి ఎండదు, యాభై తోడితే మాత్రం మట్టం బాగా పడిపోతుంది.

జనం పెరిగితే ఏం చేయాలన్నది రెండో చిక్కు. ఇక్కడ 3 సెకన్లకో బ్లాకు పడుతుంది. ఓట్లతో ఎన్నికైన 20 మంది, వంతు మీద వచ్చే మరొకరు కలిసి 21 మంది విట్నెస్‌లు వరసగా కడతారు, అందుకే ఆ వేగం. లైకు కొట్టడానికి ఫీజు అడిగితే ఎవరు కొడతారు? అందుకని ఫీజు పెట్టలేదు. ఊరికే ఇస్తే చెత్త పోస్టులతో కాలువ పూడిపోతుంది కదా! 2018 సెప్టెంబరులో 'రిసోర్స్ క్రెడిట్లు' వచ్చాయి. ఖాతాలో కట్టిపెట్టిన నాణేల వాటా ఎంత ఉంటే అంత వాడకం, వాడింది మళ్లీ 5 రోజుల్లో ఊరుతుంది. మొదట్లో కొలత బిగుసుకుపోయి చిన్న ఖాతాలవాళ్లు కామెంటు కూడా పెట్టలేకపోయారు. తర్వాత సడలించారు.

అసలు చెయ్యి తిరిగిన పని పంపకంలో ఉంది. మొదట్లో ఓట్ల బలాన్ని వర్గం చేసేవారు. ఒక పోస్టుకు 10 పాళ్లు, ఇంకోదానికి 1 పాలు పడితే రాబడి 100కు 1. పెద్ద మడి మునుగుతుంది, చిన్న మడి నెర్రెలిస్తుంది. 2017 జూన్‌లో దాన్ని తిన్నని గీత చేశారు, 10కి 1. న్యాయంగానే ఉంది. కానీ వాటా ఉన్నవాళ్లు తమ పోస్టులకు తామే ఓట్లు వేసుకున్నారు, ఓట్లు అమ్మే బాట్లు పుట్టుకొచ్చాయి. 2019 ఆగస్టులో గీతను దాని మొదలు దగ్గర కాస్త వంచారు. మరీ కొద్దిపాటి ఓట్లు పడ్డ పోస్టుకు సగం విలువే, ఓట్లు పెరిగేకొద్దీ అది నిండు విలువకు దగ్గరవుతుంది. దాంతో నాలుగు చిల్లర పోస్టులు వేసి నాలుగు చోట్లా తోడుకోవడం గిట్టదు. నిజంగా కొత్తగా రాసేవాడికీ ఆ సగం కోత తప్పలేదు, అది నాకు కొరుకుడు పడదు. అప్పుడే డౌన్‌వోట్లకు, అంటే పోస్టు రాబడి తగ్గించే ఓట్లకు, వేరే ఖాతా తెరిచారు. అంతకుముందు పక్కవాడి గండి పూడ్చాలంటే సొంత నీళ్లు వదులుకోవాలి, ఎవరు పూనుకుంటారు?

ఇప్పుడు నీరుగంటి మాట. ఇక్కడ ఓటు బలం వాటా ఉన్నవాడిదే. మడీ వాడిదే, పారా వాడి చేతిలోనే. విట్నెస్‌లను ఎన్నుకునేదీ ఆ వాటాతోనే. 2020 ఫిబ్రవరిలో క్రిప్టో వ్యాపారి జస్టిన్ సన్ స్టీమ్ వెనకున్న స్టీమిట్ కంపెనీని కొన్నాడు. మార్చిలో కొన్ని క్రిప్టో ఎక్స్ఛేంజీలు అతనికి అండగా, తమ దగ్గర ఖాతాదారులు దాచుకున్న నాణేలతో ఓట్లు వేసి పై 20 మందినీ మార్చేశాయి. జనం ఊరుకోలేదు. మార్చి 20న చెయిన్‌ను చీల్చి హైవ్ పేరుతో వేరుపడ్డారు, కంపెనీ వాటాను కొత్త చెరువులోకి రానివ్వలేదు. మడి లేని నీరుగంటిని కోడ్‌లో పుట్టించడం వాళ్లవల్ల కాలేదు. చేయగలిగింది చేశారు: హైవ్‌లో కొత్తగా కట్టిన వాటాకు విట్నెస్‌ల ఎన్నికలో బలం 30 రోజుల తర్వాతే వస్తుంది. కట్టిన వాటాను వెనక్కి తీసుకోవాలంటే 13 వారాలు, వారానికో భాగం చొప్పున.