'ఇవ్వడం' నిషేధించిన లోయలో

'ఫౌంటెన్‌హెడ్' నేను చదివింది యూనివర్సిటీ హాస్టల్లో. పక్క గది అమ్మాయి ఇచ్చిన పుస్తకం. రెండు రాత్రులు నిద్ర మానుకుని పూర్తి చేశాను. అప్పటికే మార్క్సు గురించి ఉపన్యాసాలు విని ఉన్నాను, స్త్రీవాద కవిత్వం చదువుతున్నాను. అయినా అయన్ ర్యాండ్ నన్ను పట్టేసుకుంది. ఎందుకని ఇప్పుడు ఆలోచిస్తే ఒకటే కారణం కనిపిస్తుంది. నీ కోసం నువ్వు ఏదైనా కోరుకోవడం తప్పు కాదని నాతో అంత గట్టిగా అంతవరకు ఎవరూ చెప్పలేదు. చేపల పులుసులో నడిమి ముక్క అన్నయ్య కంచంలోకి, అడుగున మిగిలిన పులుసు అమ్మ కంచంలోకి వెళ్లే ఇంట్లో పెరిగిన పిల్లకి, త్యాగం గొప్ప గుణమేమీ కాదు, అదొక మోసం అని చెప్పే పుస్తకం దొరికితే ఎలా ఉంటుంది?

అందుకే ర్యాండ్‌ని చదివి ఊగిపోయే అమ్మాయిలను చూసి నేను నవ్వను. ఆమె పెట్టుబడిదారీ విధానానికి ప్రచారకర్త అని ఒక్క మాటలో తేల్చేయడం తేలిక. ఆ మాట నిజం కూడా. కానీ ఆ ప్రచారం మన పిల్లల దగ్గర ఎందుకు పనిచేస్తోందో అది చెప్పదు. ఇంటి నిండా 'అందరి కోసం' బతికే ఆడవాళ్లను చూసిన అమ్మాయికి స్వార్థమే స్వేచ్ఛలా కనిపించడంలో ఆశ్చర్యం ఏముంది?

ఆ రోజుల్లో కూడా నాకు మింగుడు పడని ఘట్టం ఒకటుంది. రాతి క్వారీలో కూలీగా పనిచేస్తున్న హోవార్డ్ రోర్క్ రాత్రిపూట డొమినిక్ గదిలోకి వస్తాడు. అక్కడ జరిగింది అత్యాచారమే. ర్యాండ్ దాన్ని ఆ స్త్రీ కోరికగా రాసింది. సుసాన్ బ్రౌన్‌మిల్లర్ 1975లోనే 'అగైన్‌స్ట్ అవర్ విల్'లో ఈ ఘట్టాన్ని నిలదీసింది. 1968లో రాసిన ఒక వ్యాసంలోనైతే స్త్రీ దేశాధ్యక్షురాలు కావాలని కోరుకోకూడదని ర్యాండ్ వాదించింది. స్త్రీత్వం సారమంతా వీరపురుషుణ్ని ఆరాధించడంలో ఉందట. వ్యక్తి స్వేచ్ఛ గురించి వేల పేజీలు రాసిన మనిషి, ఆ వ్యక్తి స్త్రీ అయ్యేసరికి తల పైకెత్తి మగాడి వైపు చూస్తూ నిలబడమంది. దీని గురించి స్త్రీవాద విమర్శకులు చాలానే మాట్లాడారు. నాకిప్పుడు పడగ్గది కన్నా వంటగది ముఖ్యంగా కనిపిస్తోంది.

1957లో వచ్చిన 'అట్లాస్ ష్రగ్డ్' వెయ్యి పేజీలు దాటిన నవల. ఈమధ్య మళ్లీ చదివాను. ప్రతిభావంతులంతా, అంటే పరిశ్రమలు పెట్టేవాళ్లు, కొత్తవి కనిపెట్టేవాళ్లు, బ్యాంకర్లు, సమాజం తమ మీద పడి తింటోందని సమ్మె చేసి ఒక రహస్య లోయలో చేరతారు. వాళ్ల నాయకుడు జాన్ గాల్ట్. కథానాయిక డాగ్నీ టాగర్ట్ పెద్ద రైల్వే కంపెనీని నడుపుతుంటుంది. ఆమె విమానం ఆ లోయలో కూలుతుంది. అక్కడ చట్టాలు లేవు, ఆచారాలున్నాయి. ఒక మాట మాత్రం నిషిద్ధం అంటాడు గాల్ట్. ఆ మాట 'ఇవ్వడం'. ఒకరి కారు ఇంకొకరు వాడుకున్నా అద్దె కట్టాల్సిందే. ఎవరూ ఎవరికీ ఊరికే ఏదీ ఇవ్వరు, ఎవరి దగ్గరా ఊరికే తీసుకోరు.

మరి డాగ్నీ దగ్గర ఆ లోయలో చెల్లే డబ్బు లేదు. తిండికి, గదికి ఎలా కడుతుంది? గాల్ట్ ఇంట్లో వంటమనిషిగా, పనిమనిషిగా చేరుతుంది! ఖండాన్ని దాటే రైళ్లు నడిపిన స్త్రీ ఒక నెల రోజులు అతనికి వండిపెడుతుంది, ఇల్లు సర్దుతుంది. పైగా అందులో ఆనందం పొందుతుంది. గాల్ట్‌కి వంట రాదా అంటే వచ్చు. ఆమె వచ్చిన కొత్తలో ఫలహారం చేసి పెట్టింది అతనే. ప్రపంచంలోని నియమాలన్నిటినీ తిరగరాసిన రచయిత్రి ఈ ఒక్క నియమాన్ని ఎందుకు ముట్టుకోలేదు? కూలిన విమానంలోంచి వచ్చింది ఒక మగ ఇంజనీరు అయితే చీపురు పట్టుకునేవాడా, డైనమో బాగుచేసేవాడా?

ఆ లోయలో ఇంకో స్త్రీ ఉంది. బేకరీ నడుపుతూ ఇద్దరు చిన్న కొడుకులను పెంచుతుంటుంది. తల్లితనం తను ఎంచుకున్న వృత్తి అంటుంది. వినడానికి బాగానే ఉంది. కానీ నాలుగేళ్ల పిల్లవాడు తల్లికి ఏం చెల్లిస్తాడు? 'ఇవ్వడం' నిషిద్ధమైన చోట జ్వరం వచ్చిన బిడ్డ పక్కన రాత్రంతా కూర్చోవడాన్ని ఏ పద్దులో రాస్తారు? ఆ పేజీలో ర్యాండ్ ఆగదు, దాటిపోతుంది. మంచం పట్టిన అత్తగారు గానీ మతి తప్పిన తండ్రి గానీ ఆ లోయలో ఎవరింట్లోనూ కనిపించరు. ఉండి ఉంటే నవల ఇంత నిబ్బరంగా నడిచేది కాదు.

అన్యాయం చేయకూడదు కాబట్టి ఆమె జీవితం గురించి కూడా చెప్పాలి. 1905లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది. విప్లవం తర్వాత తండ్రి మందుల దుకాణాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఉమ్మడి మేలు పేరుతో తన ఇంటిని లాక్కున్నవాళ్లను చూసిన పిల్ల ఆ మాటను జీవితాంతం నమ్మలేకపోవడం నాకర్థమవుతుంది. సామ్యవాదం పేరుతో జరిగినవాటిని ఎత్తి చూపినప్పుడల్లా మనలో చాలామందిమి మాట మార్చేవాళ్లం కూడా. సరే. 1926లో ఆమె అమెరికా చేరింది. చికాగోలోని బంధువులు నెలల తరబడి ఇంట్లో పెట్టుకున్నారు, హాలీవుడ్ వెళ్లడానికి సాయం చేశారు. ముప్ఫై ఏళ్ల తర్వాత 'అట్లాస్ ష్రగ్డ్' చివర రాసుకున్న మాటల్లో తనకెవరూ సాయం చేయలేదంది. నాకు ఆ నవల మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ఇదే. అబద్ధం ఆడిందనుకోను. ఆ నెలల భోజనాలు, పక్కలు, టికెట్టు డబ్బులు ఆమె లెక్కలోకి రాలేదు, అంతే.

లెక్కలోకి రాకపోవడం ఒక రచయిత్రి మతిమరుపుతో ఆగితే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. ఆమె చుట్టూ చేరిన యువకుల్లో అలన్ గ్రీన్‌స్పాన్ ఒకడు. 1974లో అతను అధ్యక్షుడు ఫోర్డ్ దగ్గర ఆర్థిక సలహా మండలి అధిపతిగా ప్రమాణం చేసినప్పుడు ర్యాండ్ పక్కనే ఉంది. 1987 నుంచి 2006 దాకా అమెరికా కేంద్ర బ్యాంకును నడిపింది అతనే. ఎవరి స్వార్థం వాళ్లు చూసుకుంటే బ్యాంకులు వాటంతటవే జాగ్రత్తగా ఉంటాయని నమ్మాడు. 2008 అక్టోబరులో, ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు వీధిన పడ్డాక, ఆ నమ్మకంలో లోపం ఉందని అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు.

ఇక మన ఊళ్ల సంగతి. 'ఇవ్వడం' అనే మాటకి మన భాషలో ఒక ప్రత్యేకమైన రూపం ఉంది, చేబదులు. కాగితం లేదు, వడ్డీ లేదు, గడువు లేదు. గిద్దెడు నూనె నుంచి పెళ్లికి పెట్టుకెళ్లే నెక్లెసు దాకా చేతులు మారుతుంది. ఎక్కువగా ఆడవాళ్ల చేతులే. దాన్ని మరీ ఆకాశానికెత్తను. చేబదులు వీధి దాటదు, కులం దాటదు. వాడలోని మనిషికి ఊళ్లో ఎవరూ నెక్లెసు ఇవ్వలేదు. ఆమెకి మిగిలింది నూటికి నెలకి మూడు రూపాయలో ఐదు రూపాయలో వసూలు చేసే వడ్డీ వ్యాపారి. కాబట్టి ఏడాదికి పాతిక ముప్ఫై శాతానికి అప్పిస్తామంటూ మైక్రోఫైనాన్స్ కంపెనీలు గుమ్మం ముందుకొచ్చినప్పుడు దాన్ని వట్టి మోసం అనడానికి వీల్లేదు. తాకట్టు అడగలేదు, మొగుడి సంతకం అడగలేదు. మార్కెట్టు ఇచ్చిన స్వేచ్ఛే అది.

అయితే తాకట్టు నిజంగా లేదా? ఉంది. ఐదుగురు స్త్రీలు ఒక గ్రూపు. ఒకరు వారం కిస్తీ కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. పక్కింటామె మీద నమ్మకం, వీధిలో పరువు, ఇన్నేళ్ల చేబదులు అలవాటు, అదే కంపెనీకి హామీ. దాన్ని కంపెనీ కొనలేదు, అద్దెకి తీసుకోలేదు. ఊరికే తీసుకుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రోజుకో రూపాయి దాచుకుంటూ స్త్రీలు నిర్మించుకున్న పొదుపు సంఘాల క్రమశిక్షణ కూడా ఈ వ్యాపారానికి పైసా ఖర్చు లేకుండా దొరికింది. 'ఇవ్వడం' నిషిద్ధమైన లోయలో ఇంతకన్నా పెద్ద దానం ఏముంది?

2006లోనే కృష్ణా జిల్లాలో వేధింపుల ఆరోపణలు వచ్చి యాభై దాకా శాఖలను అధికారులు మూయించారు. మళ్లీ తెరుచుకున్నాయి. 2010 ఆగస్టులో ఎస్‌కెఎస్ మైక్రోఫైనాన్స్ షేరు 985 రూపాయల ధరతో మార్కెట్లోకి వచ్చింది. అమ్మకానికి పెట్టిన షేర్లకు 13 రెట్లకు పైగా గిరాకీ. ఒకే మనిషికి నాలుగైదు కంపెనీలు అప్పులిచ్చిన కాలం అది. ఒకరి కిస్తీ ఇంకొకరి అప్పుతో తీర్చడం, తీరనినాడు గ్రూపులోని స్త్రీలే వచ్చి ఇంటి ముందు కూర్చోవడం. తిట్టింది ఆమెకి నిన్నటిదాకా కరివేపాకు ఇచ్చిన మనిషే. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. తమ వల్ల కాదని కంపెనీలు అన్నాయి. అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు ఆగిపోయాయి. మరుసటి ఏడాది జనవరిలో మాలెగాం కమిటీ వడ్డీకి పరిమితి ఉండాలనీ, ఒకరికి రెండు కంపెనీలకు మించి అప్పివ్వకూడదనీ సిఫారసు చేసింది. కిస్తీ కట్టించడానికి తెగిపోయిన పలకరింపుల్ని ఏ కమిటీ అతుకుతుంది?

ఆ రోజుల్లో బస్సుల్లో, స్టాఫ్ రూముల్లో విన్న మాట ఒకటి నన్నిప్పటికీ గుచ్చుతుంది. 'టీవీలు కొనుక్కోడానికి అప్పులు చేశారండీ, ఆడవాళ్లకి ఆశ ఎక్కువైపోయింది.' ఆశ, అత్యాశ, పేరాశ, దురాశ. మన భాషలో ఇన్ని మెట్లున్నాయి. ఆడదాని కోరిక మొదటి మెట్టు మీద క్షణం కూడా నిలవదు. పట్టుచీర అడిగితే దురాశ. పదమూడు రెట్ల గిరాకీని మాత్రం స్పందన అంటారు. పులి, బంగారు కడియం కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. బురదలో దిగబడి చచ్చిపోయిన బాటసారి దురాశపరుడని పంతులుగారు నీతి చెప్పారు. పులి ఆకలి గురించి ఎవరమూ అడగలేదు.

ఇక్కడ మనమూ కొంచెం ఇబ్బంది పడాల్సిందే. డబ్బు లేకుండా స్వేచ్ఛ లేదని గట్టిగా అన్నది స్త్రీవాదులమే. వర్జీనియా వుల్ఫ్ 1929లో గది, ఏడాదికి ఐదొందల పౌన్లు అడిగింది. ఆ వ్యాసంలో కథకురాలికి డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది? బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయిన మేనత్త వీలునామా నుంచి. ఆ మేనత్త బొంబాయిలో ఏం చేస్తోంది, ఆ ఇంట్లో గుర్రానికి గడ్డి వేసింది ఎవరు? ఎన్నోసార్లు పాఠం చెప్పాను గానీ ఈ ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా తట్టింది. నా ఉద్యోగం, నా గది, ఈ వ్యాసం రాసుకునే ఆదివారం మధ్యాహ్నం, వీటి వెనక మా ఇంట్లో గిన్నెలు తోమే మనిషి నెలజీతం ఉంది. అది ఎంతో ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు.

నాకోసం కోరుకోవడాన్ని స్వార్థమనడం ఇప్పటికీ ఒప్పుకోను. ఆ విషయంలో హాస్టల్ గదిలోని అమ్మాయి వైపే ఉన్నాను. ఎదుటి మనిషి ఇచ్చినదాన్ని తీసుకుని, అది ఇచ్చినట్టే లేదని లెక్క రాయడం దగ్గర నా పేచీ. చికాగో బంధువుల విషయంలో ర్యాండ్ చేసింది అదే. ఐదుగురు స్త్రీల పూచీ మీద షేరు ధర కట్టినవాళ్లు చేసింది కూడా అదే.

గత ఏడాది ఎం.ఏ. క్లాసులో డాగ్నీ వంట గురించి ఇదంతా కొంచెం ఆవేశంగానే చెప్పాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. వాళ్లమ్మ ఊళ్లో కూలికి వెళుతుంది, ఇంటికొచ్చి వండుతుంది. "గాల్ట్ ఆమెకి జీతమైనా ఇచ్చాడు కదా మేడమ్" అంది. "బంగారు నాణేల్లో లెక్కకట్టి. మా నాన్న మా అమ్మకి ఎప్పుడిచ్చాడు?"

క్లాసంతా నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. గంట కొట్టేదాకా మా మధ్య ఆ వాదన సాగింది, తేలలేదు. వెళుతూ ఆ పుస్తకం చదివి ఇస్తానని అడిగి తీసుకుంది. ఇంకా తెచ్చివ్వలేదు.