బిగిసిన కాలు, ఏడుగురి ఆట

మైపాడు మొదలుకొని తూపిలిపాళెము వఱకు నెల్లూరు తీరమున ఏ పాళెమునకు పోయినను, సాయంకాలపు వేళ అలలు తడిపి విడిచిన గట్టి యిసుకమీద పిల్లలు ఆడుకొనుచుండుటయు, వారికి కొంచెము ఎడముగా, ఒక మడమ నేలకు ఆనక, ఒక చేయి మోచేతికడ ముడుచుకొనిపోయిన బిడ్డ యొకడు గట్టునకు లాగిన పడవ నానుకొని చూచుచుండుటయు మనలో పలువురు ఎఱిగిన దృశ్యమే. ఊరివారు వానిని అవిటిబిడ్డ యందురు. సదరం శిబిరములో వైద్యుడు పరీక్షించి యొక శాతమును వ్రాసి యిచ్చును. ఆ శాతము 40కి తక్కువ కాకున్న పింఛనునకు దారి యేర్పడును. అంతటితో ప్రభుత్వమునకును, తఱచుగా బంధువర్గమునకును, వానిని గూర్చిన విచారణ ముగియును. అట్టి బిడ్డ కొఱకే యేర్పడి, అట్టి బిడ్డ లేనిచో సరిగా సాగనే సాగని కాలిబంతి యాట యొకటి 1978లో ఎడిన్‌బరో నగరమున జరిగిన పోటీలు మొదలుకొని దేశదేశములలో ఆడబడుచున్నదని తెలిసినవారు మాత్రము మనలో అరుదు.

అట్టి బిడ్డకు కలిగిన సెరిబ్రల్ పాల్సీ, అనగా మస్తిష్క పక్షవాతము, ఎదుగుచున్న మెదడునకు గర్భమందో, ప్రసవ సమయమందో, పసితనమందో కలిగిన గాయముయొక్క ఫలము. నెలలు నిండక పుట్టుట, పుట్టినప్పుడు ప్రాణవాయువు చాలకపోవుట, పసికామెర్లు ముదురుట, మెదడువాపు సోకుట, ఇట్లు కారణములు పలు తెఱగులు. ఆ గాయము పెరుగదు. కాని దానివలన మెదడునుండి కండరములకు చేరు ఆజ్ఞలు జీవితాంతము తడబడుచునే యుండును. కొందఱిలో కండరములు బిగిసియుండును, కొందఱిలో అవయవములు తమంత తాము మెలికలు తిరుగును, మఱికొందఱిలో తూకము నిలువదు. ఆటగాని దృష్టితో చూచినచో ఈ బిగువునందొక విశేషము కలదు. అట్టి కండరమును మెల్లగా సాచినచో లొంగును. వడిగా సాచినచో వెంటనే బిగుసుకొని ఎదురుతిరుగును. కనుక త్వరపాటే యీ ఆటగానికి ప్రథమశత్రువు. హఠాత్తుగా చప్పుడైనను, మనస్సు ఉద్రేకపడినను ఆ బిగువు హెచ్చును. ప్రేక్షకులు కేకలు వేయుచుండగా, ప్రత్యర్థి మీదికి వచ్చుచుండగా, సరిగా బంతి పాదమును చేరు ఆ క్షణముననే తన కాలిని తొందరపెట్టక పని చేయించుకొనుట యీ విద్యలోని మర్మము.

కుడిప్రక్క దెబ్బతిన్న ఆటగాడు గోలునకు గుఱిపెట్టుట చూడుడు. ఎడమకాలితో తన్నవలెనన్న శరీరభారమంతయు ఆ క్షణమున బలహీనమైన కుడికాలిమీద నిలుపవలెను. ఆ కాలు ఎక్కువసేపు నిలువదు. అందుచేత అతడు కాలిని వెనుకకు దీర్ఘముగా ఊపడు. కుఱుచ అడుగులు రెండు మూడు వేసి, మోకాటినుండి చిన్న విసురుతో, ఒక్కొక్కప్పుడు బొటనవ్రేలి మొనతోనే బంతిని పొడుచును. ఊపు లేని యా తన్నును ముందుగా పసిగట్టుటకు గోలుకీపరునకు వ్యవధి చిక్కదు. రెండు కాళ్ళును బిగిసి, మోకాళ్ళు ఒకదానితో నొకటి ఒరయుచు నడచువాని పద్ధతి వేఱు. అతడు పరుగుపందెమునకు దిగడు. మైదానమున తన చోటు చూచుకొని నిలిచి, బంతి రాకముందే మొగము ఏ దిక్కునకు త్రిప్పియుంచవలెనో నిశ్చయించుకొని, ఒకే తాకుడుతో దానిని తోటివానికి అందించును.

ఇచ్చట మన హైదరాబాదు ఫుట్‌బాలు శిక్షకుడు రహీం గారు నాకు జ్ఞప్తికి వచ్చుచుందురు. సిటీ పోలీసు జట్టుచేత 1950 నుండి 1954 వఱకు వరుసగా ఐదుమాఱులు రోవర్స్ కప్పును గెలిపించి, భారత జట్టును 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానమునకును, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమునకును నడిపిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు, డ్రిబ్లింగును నిషేధించిన పోటీలను, బలము తక్కువైన కాలితోనే ఆడవలెనను పోటీలను ఏర్పఱచి కుఱ్ఱవాండ్రకు తర్ఫీదు నిచ్చెడివారు. సమర్థమైన కాళ్ళకు ఆయన బుద్ధిపూర్వకముగా తెచ్చిపెట్టిన కష్టమునే యీ ఆటగాండ్రు చిన్ననాటినుండి భరించి సాధించుచున్నారు. ఆయన వీరి యాటను చూచియుండినచో తన శిష్యులను వెంటబెట్టుకొని వచ్చి చూపించియుండెడివారని నా యూహ.

నియమములు చాలవఱకు సామాన్యమైన ఫుట్‌బాలువే. జట్టునకు ఏడుగురు, 30 నిమిషముల చొప్పున రెండు సగములు, సుమారు 70 మీటర్ల పొడవును 50 మీటర్ల వెడల్పును గల మైదానము, 5 మీటర్ల వెడల్పును 2 మీటర్ల యెత్తును గల గోలు. ఆఫ్‌సైడ్ లేదు, కనుక ముందు చెప్పిన నిలిచి యాడువాడు ప్రత్యర్థి గోలుకడనే పొంచియుండవచ్చును. గీత దాటిన బంతిని రెండు చేతులతో తలమీదినుండి విసరనక్కఱలేదు. ఒక చేతితో నేలమీద దొర్లించినను చెల్లును. ఈ సడలింపులు రెండును చిన్నవి. ఆటకు ఆత్మయనదగినది వర్గీకరణము.

పూర్వము సీ 5 నుండి సీ 8 వఱకు నాలుగు తరగతులుండెడివి. 2018 నుండి ఎఫ్‌టీ 1, ఎఫ్‌టీ 2, ఎఫ్‌టీ 3 అని మూడైనవి. వైకల్యము అన్నిటికంటె తీవ్రమైనది మొదటి తరగతి, స్వల్పమైనది మూడవది. పరీక్షకులు ఆటగానిని బల్లమీద పరుండబెట్టి కీళ్ళను మెల్లగాను వడిగాను కదలించి చూతురు. పిదప పరుగెత్తించి, గెంతించి, బంతితో మలుపులు త్రిప్పించి చూతురు. అంతటితో తృప్తిపడక మ్యాచ్ ఆడునప్పుడును గమనింతురు. సదరం పత్రములోని శాతము మనిషియందు కొఱత యెంతయో కొలుచును. పింఛనునకు అట్టి కొలత కావలసినదే, దానిని నేను ఆక్షేపింపను. కాని యీ పరీక్షకులు అడుగు ప్రశ్న వేఱు: ఆ బిగువు, ఆ తడబాటు పరుగును, మలుపును, ఆగుటను, తన్నుటను ఎంతవఱకు మార్చుచున్నవి? ఇట్లు తరగతులు నిర్ణయమైన తరువాత అసలైన నియమము వచ్చును. మైదానమున ఎల్లప్పుడును ఎఫ్‌టీ 1 ఆటగాడు ఒక్కడైన నుండవలెను. ఎఫ్‌టీ 3 వాడు ఒక్కనికి మించి యుండరాదు. ఎఫ్‌టీ 1 వాడు లేని జట్టు ఆరుగురితోనే ఆడవలెను. ఇందలి లోతును కొంచెము ఆలోచింపుడు. దయతో చివరి నిమిషమున లోనికి పంపుటకు వీలులేని విధముగా, అందఱికంటె కష్టముగా కదలువాడు జట్టు లెక్కలో మొదటివాడైనాడు. వానిని గోలులో నిలుపవలెనా, వెనుకవరుసలోనా, ప్రత్యర్థి గోలు ముంగిటనా యని శిక్షకుడు తల బ్రద్దలు కొట్టుకొనును. ఎదుటి జట్టు వాని ప్రక్కనుండియే చొరబడజూచును. తోటివారు ఆ సందును మూయుట నేర్చుకొందురు. వ్యూహమంతయు వాని చుట్టును అల్లుకొనును.

పారాలింపిక్సులో ఈ యాట 1984లో న్యూయార్కున ప్రవేశించినది. 1988, 1992, 1996లలో నెదర్లాండ్సు వరుసగా స్వర్ణములు గెలువగా, 2000 సంవత్సరము నుండి రష్యా, ఉక్రెయిన్‌లు వాటిని తమలో తాము పంచుకొనినవి. 2016లో రియో నగరమున ఉక్రెయిన్ అదనపు సమయమున ఇరాన్‌ను 2-1తో ఓడించినది. సంపన్నదేశము కాని ఉక్రెయిన్ 2017, 2019, 2022 సంవత్సరముల ప్రపంచకప్పులను గూడ గెలుచుకొనుటకు, ఇన్వాస్పోర్ట్ అను పేర ప్రతి ప్రాంతమునను వికలాంగుల క్రీడాకేంద్రములను ప్రభుత్వమే నెలకొల్పి పోషించుట ముఖ్యకారణమని చెప్పుట సమంజసము. స్త్రీలకు ఐదుగురేసి జట్లతో తొలి ప్రపంచకప్పు 2022లో స్పెయిన్ దేశపు సాలో పట్టణమున జరిగి అమెరికా గెలుపొందినది.

ఇంతటి యాటను టోక్యో పారాలింపిక్సునుండి తొలగించుచున్నట్లు 2015 జనవరిలో అంతర్జాతీయ పారాలింపిక్ సంఘము ప్రకటించినది. ప్రపంచమున చాలినన్ని దేశములకు వ్యాపింపలేదనుట వారు చెప్పిన కారణము. తెరచాప పడవల పందెమును గూడ అప్పుడే తీసివేసి, బాడ్మింటన్‌ను తైక్వాండోను చేర్చిరి. టోక్యోలో ప్రమోద్ భగత్, కృష్ణ నాగర్ బాడ్మింటన్ స్వర్ణములు గెలిచినప్పుడు మనము సంతోషించితిమి, సంతోషింపవలసినదే. ఆ చోటు ఏ యాటను కదలించి యేర్పఱచినదో మాత్రము మనకెవ్వరును చెప్పలేదు. వ్యాపింపలేదను మాట అబద్ధము కాదు. వ్యాపింపని దేశములలో మనది యొకటి యైనప్పుడు ఆ నింద కొంత మనమీదికిని వచ్చును.

మనదేశమున ఈ బిడ్డలకు వైద్యము, చదువు సమకూర్చు యత్నము 1972లో బొంబాయిలో స్పాస్టిక్స్ సొసైటీ స్థాపనతో పుంజుకొన్నది. నెల్లూరివారు ఏ జబ్బునకైనను రైలెక్కి పోవు మద్రాసులో 1985 నుండి విద్యాసాగర్ సంస్థ పనిచేయుచున్నది. ఇప్పుడు మన మండలములలోనే ప్రత్యేకావసరములు గల బిడ్డల కొఱకు భవిత కేంద్రములున్నవి. 2024లో పారిస్ పారాలింపిక్సున ఇట్టి బిగువు, తడబాటు గలవారి టీ 35 తరగతిలో ప్రీతి పాల్ 100, 200 మీటర్ల పరుగులలో రెండు కాంస్యములు తెచ్చినది. అయినను ఒంటరి పరుగు వేఱు, జట్టాట వేఱు. ఫిజియోథెరపీ బల్లమీద నొప్పికి ఏడ్చుచు కాలు సాచు బిడ్డ, బంతి కొఱకైనచో అదే కాలిని తానే సాచును. తల్లిదండ్రులను అడిగిన ఇట్టివి ఎన్నో చెప్పుదురు.

మన తీరమున దీనికి కావలసిన సామగ్రి స్వల్పము. పొడి యిసుక పనికిరాదు, అడుగు ఈడ్చువాని కాలు అందులో దిగబడును. ఆటు సమయమున బయటపడు తడి యిసుక గట్టిగా నుండును, పడినను పెద్ద దెబ్బ తగులదు, ఈ యాటలో పడుట తఱచు. గోలుస్తంభములకు సరుగుడు వాసములు కావలసినన్ని దొరకును. బంతి మాత్రము కొంచెము గాలి తగ్గించినదై యుండుట మేలు, తాకిన వెంటనే దూరముగా ఎగిరిపోదు. ఇక జట్టు కూర్చువాడు మొదట పోయి అడుగవలసినది చుఱుకుగా పరుగెత్తు కుఱ్ఱవాని యింట కాదు; వాడు పిలువకయే వచ్చును. రెండు కాళ్ళును బిగిసి గడప దాటని బిడ్డ యే యింట నున్నాడో భవిత కేంద్రపు ఉపాధ్యాయిని నడిగి తెలిసికొని, వాడు ఒప్పుకొన్న తరువాత తక్కిన ఆరుగురిని వెదకవలెను.