రాత్రి భోజనం అడిగే పగడం

అమెరికాలో ఉప్పునీటి చేపలమ్మే దుకాణాల్లో, వెలుతురు అంతగా పడని అరలో నారింజ రంగు గడ్డ ఒకటి తరచూ కనిపిస్తుంది. దాని పేరు సన్ కోరల్. పక్కనున్న పగడాలతో పోలిస్తే చవక. పగటిపూట అందులో చూడ్డానికేమీ ఉండదు. ముడుచుకున్న బుడిపెలు, అంతే. దుకాణం కట్టేసే వేళకి, లైట్లు తగ్గాక, ఆ బుడిపెలే ఒక్కొక్కటీ ఉబ్బి, బంగారు రంగు టెంటకిల్స్ బయటికి చాస్తాయి. ఆ దృశ్యం చూసినవాళ్ళు కొనకుండా రావడం కష్టం. కొన్నవాళ్ళలో చాలామంది కొన్ని నెలల్లోనే దాన్ని పోగొట్టుకుంటారు. ఆ తర్వాత "సన్ కోరల్ మహా సున్నితం, మనవల్ల కాదు" అంటారు. నన్నడిగితే అది ఉత్త నింద. దానికి వచ్చే జబ్బు చాలాసార్లు ఒక్కటే, పస్తు.

మామూలు రీఫ్ పగడాల కండలో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు కాపురముంటుంది. వెలుతురులో అది తయారుచేసే ఆహారంలో పెద్ద వాటా పగడానికే దక్కుతుంది. ఇంట్లో రీఫ్ ట్యాంకు పెట్టేవాళ్ళు లైట్ల మీద అంత డబ్బు పోసేది అందుకే. సన్ కోరల్ ఇంట్లో మాత్రం ఆ వంటవాడు లేడు. ఎంత ఖరీదైన లైటు పెట్టినా దాని కడుపు నిండదు. ప్రవాహంలో కొట్టుకొచ్చే చిన్న ప్రాణుల్ని పట్టుకు తినడమే దాని బతుకు.

దీని ప్రజాతి పేరు ట్యుబాస్ట్రియా. దుకాణాల్లో ఎక్కువగా దొరికే నారింజ రంగు జాతి ట్యుబాస్ట్రియా కాక్సీనియా. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త రెనే లెసన్ పసిఫిక్‌లోని బోరా బోరా దీవి దగ్గర దొరికిన నమూనాతో 1829లో దీన్ని వర్ణించాడు. పసుపు రంగులో ఫాక్నెరై, ముదురు ఆకుపచ్చ నుంచి నలుపు దాకా చెట్టులా కొమ్మలు వేసే మైక్రాంథస్ దీని దాయాదులు. నల్లదాన్ని సాకడం మరీ కష్టం, కొత్తవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మేలు.

ఇది సున్నితం కాదనడానికి బ్రెజిల్‌ని మించిన సాక్ష్యం అక్కర్లేదు. పుట్టిల్లు ఇండో-పసిఫిక్ సముద్రాలైనా, 1980ల చివర్లో బ్రెజిల్‌లోని కాంపోస్ తీరంలో చమురు బావుల ప్లాట్‌ఫారాల మీద ఇది కనబడింది. తర్వాత రియో డి జనీరో రాష్ట్రంలోని ఇల్యా గ్రాండీ అఖాతం రాళ్ళనీ కమ్మేసింది. డైవర్లు సుత్తి, ఉలి పట్టుకుని పెకలిస్తున్నారు. కండ కాస్త మిగిలినా మళ్ళీ లేస్తుంది. హ్యూస్టన్ తెలుగువాళ్ళకి దగ్గరి సముద్రం గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కూడా ఇదే కథ. అక్కడి ఫ్లవర్ గార్డెన్ బ్యాంక్స్ అభయారణ్యంలో దీన్ని కలుపు మొక్కలా ఏరిపారేస్తుంటారు. అక్కడ వదలగొట్టలేకపోతున్న ప్రాణి మన గాజు పెట్టెలో ఎందుకు ఎండిపోతోంది? చమురు ప్లాట్‌ఫారం కాళ్ళ చుట్టూ రాత్రీ పగలూ ప్రవాహం నడుస్తుంది, ఆ ప్రవాహంలో మేత వస్తూనే ఉంటుంది. మన ట్యాంకులో నీళ్ళు అద్దంలా ఉంటాయి. చూసేవాళ్ళకి ముచ్చటే. దానికి మాత్రం అది ఖాళీ కంచం.

భారతదేశంలో ఉన్న పాఠకులు ఇక్కడొక మాట గమనించాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో 2001లో రాతి పగడాలన్నిటినీ చేర్చారు, సన్ కోరల్ కూడా వాటిలోదే. హైదరాబాదులో ఎవరైనా ప్లాస్టిక్ సంచిలో తెచ్చి అమ్మజూపినా కొనకూడదు. అండమాన్ వెళ్ళి నీళ్ళలో మునిగి చూడొచ్చు, అక్కడి సముద్రంలో ఈ ప్రజాతి ఉంది. ఇంట్లో సాకే సంగతులు చట్టం అనుమతించే దేశాల్లో ఉన్నవాళ్ళ కోసం.

కొనేటప్పుడు రంగు చూసి మోసపోకూడదు, పాలిప్‌ల, అంటే ఆ బుడిపెల, మధ్య సందులు చూడాలి. ఆరోగ్యంగా ఉన్న గుత్తిలో ఒక బుడిపె నుంచి ఇంకో బుడిపె దాకా నారింజ కండ ఎక్కడా తెగకుండా పరుచుకుని ఉంటుంది. పస్తులున్నదాంట్లో ఆ కండ వెనక్కి తగ్గి, కింద తెల్లటి సున్నపు ఎముక బయటపడుతుంది. కొన్నాళ్ళకి ఆ తెలుపు మీద నాచు పడుతుంది. అరచేతిలో పట్టేంత గుత్తిలో ఇరవై ముప్పై నోళ్ళుంటాయి. ఇరవై ముప్పై నోళ్ళకీ మీరే తినిపించాలి. పెద్ద గుత్తి అందంగా ఉందని తెచ్చుకునేముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

ఇంటికి తెచ్చాక మొదటి పని దాన్ని లేపడం. భయపడ్డ గుత్తి రోజుల తరబడి నోరు తెరవకపోవచ్చు. అనుభవజ్ఞులు చేసేది ఇది. రోజూ ఒకే వేళకి, ట్యాంకు లైట్లు ఆరిన గంటకి, గడ్డకట్టిన మైసిస్ రొయ్యల ముక్కని చిన్న గిన్నెడు ట్యాంకు నీళ్ళలో వేసి కరగనిస్తారు. ఆ రసంలో కొన్ని చుక్కలు పిపెట్‌తో గుత్తికి పైవైపున వదులుతారు. వాసన తగిలిన పావుగంట, అరగంటలో బుడిపెలు కాస్త ఉబ్బుతాయి. టెంటకిల్స్ కొసలు కనిపిస్తే చాలు, అప్పుడే తిండి పెట్టొచ్చు. పూర్తిగా విచ్చుకునేదాకా ఆగాలన్న పట్టింపు అక్కర్లేదు. వరసగా కొన్ని వారాలు ఇదే వేళ పాటిస్తే దానికి సమయం అలవాటైపోతుంది. రసం వేయకముందే, ఒక్కోసారి లైట్లు ఇంకా వెలుగుతుండగానే, తెరుచుకుని కూచుంటుంది. పగలు పూసే సన్ కోరల్ అని చూపించుకునేవాళ్ళ గుట్టు ఇంతే. వేళ తప్పించని క్రమశిక్షణే అందులో ఉన్న మంత్రం.

తిండిలో నా ఓటు మైసిస్‌కే. కెనడాలోని ఒకనాగన్ సరస్సులో పట్టే మైసిస్ మార్కెట్లో దొరుకుతుంది, బలమైన తిండి. బ్రైన్ ష్రింప్ చవకే, కానీ నీళ్ళెక్కువ, సత్తువ తక్కువ. దాని మీదే ఆధారపడితే గుత్తి బతుకుతుంది తప్ప పెరగదు. చేపగుడ్లు, సన్నగా తరిగిన పచ్చిరొయ్య, సైక్లాప్స్ మధ్యమధ్య మార్చి పెట్టడం మంచిది. శాకాహారుల ఇళ్ళలో ఫ్రీజర్ తలుపు తీసిన ప్రతిసారీ దీని మీద చిన్న పంచాయితీ జరగొచ్చు. అటక మీద పెట్టుకునేంత చిన్న ఫ్రీజరొకటి విడిగా కొని ఆ గొడవ తీర్చుకున్నవాళ్ళున్నారు.

పెట్టే పద్ధతి నిదానంగా చూడాల్సిన విషయం. ముందు పంపులన్నీ ఆపాలి. కరిగిన మైసిస్‌ని టీ వడకట్టే జల్లెడలో పోసి, లేపడానికి కావలసిన చుక్కల రసం మాత్రం ఉంచుకుని మిగతాది పారబోయాలి. ఆ రసంలో ఉండే ఫాస్ఫేటు ట్యాంకులో నాచుకి ఎరువవుతుంది. రొయ్యల్ని శుభ్రమైన ట్యాంకు నీళ్ళలో కలిపి, పొడుగాటి పిపెట్‌లోకి గాని టర్కీ బేస్టర్‌లోకి గాని పీల్చుకుని, పాలిప్‌కి ఒక అంగుళం పైన పెట్టి మెల్లగా నొక్కాలి. రొయ్య దాని మీద వాలాలి. గట్టిగా చిమ్మితే బుడిపె ముడుచుకుని ఆ పూటకి అలిగిపోతుంది. టెంటకిల్‌కి తగిలిన మైసిస్ అంటుకుపోతుంది. ఆ టెంటకిల్ లోపలికి వంగుతుంది, పక్కవీ తోడొస్తాయి. నడుమ ఉన్న సన్నటి గీత లాంటి నోరు సాగి రొయ్య తల వైపు నుంచో తోక వైపు నుంచో లోపలికి లాక్కుంటుంది. కాస్త దగ్గర్నుంచి టార్చి వేసి చూస్తే మైసిస్ నల్లటి కళ్ళు రెండూ నారింజ కండ లోంచి చుక్కల్లా కనబడుతూ కిందికి దిగిపోవడం తెలుస్తుంది. ఒక్కో నోటికి రెండు మూడు చాలు. పెద్ద ముక్క పెడితే మింగినట్టే మింగి, తర్వాత జిగురు చుట్టి బయటికి నెట్టేస్తుంది. అది ట్యాంకులో ఏ మూలో కుళ్ళుతుంది.

పాలిప్‌లు కండతో కలిసే ఉన్నాయి కదా, ఒకటి తింటే అన్నిటికీ అందదా అని అడుగుతారు. కొంత అందుతుందేమో గాని దాని మీద ధైర్యం పెట్టుకోకూడదు. వెనకవైపు, కిందవైపు చేయి ఆనని బుడిపెలే ఎప్పుడూ ముందు ఎండుతాయి. అందుకే చాలామంది గుత్తిని రాయికి శాశ్వతంగా అంటించరు. తీసి తిప్పి పెట్టే వీలుంచుకుంటారు.

ఇక దొంగలు. పెప్పర్‌మింట్ రొయ్య, క్లీనర్ రొయ్య, సన్యాసి పీతలు భోజనవేళ మనకంటే బాగా గుర్తుపెట్టుకుంటాయి. పాలిప్ సగం మింగిన రొయ్యని నోట్లో కాళ్ళు పెట్టి మరీ లాగేస్తాయి. ఆ లాగుడుకి కండ చిరుగుతుంది. దీనికి అందరూ వాడే విరుగుడు కూల్‌డ్రింక్ సీసా. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి గుత్తి మీద బోర్లిస్తే, మూత తీసిన మూతిలోంచి పిపెట్ దూర్చి పెట్టొచ్చు. ఓ అరగంట అలా ఉంచితే దొంగలు చుట్టూ తిరిగి విసిగి పోతాయి. గుత్తిని ట్యాంకులోంచి తీసి, ఒక గిన్నెలో ట్యాంకు నీళ్ళు పోసి అందులో పెట్టి తినిపించడం ఇంకో దారి. తిన్న తర్వాత ఆ నీళ్ళు పారబోస్తే ట్యాంకు పాడవదు. చిన్న ట్యాంకులున్నవాళ్ళకి ఇదే నయం.

నిలకడగా ఉంచడానికి వారానికి రెండు మూడు పూటలు చాలు. పెంచాలంటే దాదాపు రోజూ పెట్టాలి. కొత్తగా తెచ్చిన, ఎముక బయటపడ్డ గుత్తికి రోజూ పెట్టాల్సిందే. కొన్ని నెలలు ఇలా పెడితే తగ్గిపోయిన కండ తెల్లటి ఎముక మీదకి మళ్ళీ పాకుతూ వస్తుంది. అంత తిండి పెట్టి, దాని మురికిని కూడా అంతే శ్రద్ధగా బయటికి తీయాలి. అసలు నేర్పు ఇక్కడే ఉంది. పెట్టడం చాతయినవాళ్ళు చాలామందే, తీయడం చాతకాకనే ఎక్కువమంది ఓడిపోతారు. నీళ్ళలోని మురికిని నురుగుగా బయటికి తీసే ప్రోటీన్ స్కిమ్మర్ కాస్త పెద్దదే ఉండాలి, వారానికో పదోవంతు నీళ్ళు మార్చాలి, ట్యాంకు వెనక అరలో కీటోమార్ఫా నాచు పెంచితే నైట్రేటు, ఫాస్ఫేటు అది తినేస్తుంది. భోజనమైన రాత్రి స్కిమ్మర్ నురుగు పొంగి గిన్నె నిండిపోవడం మామూలే, కంగారు పడకండి. కొంచెం మురికి నీళ్ళని సన్ కోరల్ ఓర్చుకుంటుంది. పక్కనున్న ఆక్రోపోరా పగడాలు ఓర్చుకోవు. అందుకే రెండిటినీ ఒకే ట్యాంకులో పెట్టాలన్న ఆశ అందరికీ కలిసిరాదు.

లైటు అక్కర్లేదని నీటి రసాయనం కూడా అక్కర్లేదనుకోవడం ఇంకో పొరపాటు. దాని ఎముక కాల్షియం కార్బొనేటే. ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సాంద్రత 1.025, కాల్షియం 420 పీపీఎం చుట్టుపక్కల, ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్ ఉంటే సరిపోతుంది. చోటు విషయానికొస్తే రాతి చూరు కింద, గుహ మూతి దగ్గర, తలకిందులుగా వేలాడదీసినా ఇష్టమే. వెలుతురు దాన్నేమీ చంపదు. ఎండిన ఎముక మీద నాచుని పెంచుతుంది, ఆ నాచు పక్కనున్న కండని వెనక్కి నెడుతుంది. ప్రవాహం మాత్రం బాగా కావాలి.

రెండు చీడల సంగతి తెలిసుండాలి. ఎపిటోనియం బిల్లీయానమ్ అనే పసుపు నత్త, ఫెస్టిల్లా మెలనోబ్రాకియా అనే గుల్లలేని సముద్రపు నత్త, రెండూ ఈ పగడాన్నే తిని దాని రంగులోకే మారతాయి. పాలిప్‌ల సందుల్లో కూచుంటే దగ్గర్నుంచి చూసే కన్ను కూడా పోల్చుకోలేదు. బుడిపెల మొదట్లో పసుపు గుడ్ల గుత్తులు కనిపిస్తే, తిండి బాగా పెడుతున్నా ఒక్కో పాలిప్ మాయమవుతుంటే, వీటిని అనుమానించాలి. కొత్త గుత్తిని ట్యాంకులో దించకముందే రాత్రిపూట టార్చితో సందు సందూ వెతికి, దొరికినవాటిని చిమటాతో తీసి, గుడ్లని బ్రష్‌తో గీకేయాలి.

బాగా తిన్న గుత్తి మొదట పక్కకి పెరుగుతుంది. పాత పాలిప్‌ల మొదట్లో గుండుసూది తలంత మొలకలు వస్తాయి, అవే కొత్త నోళ్ళు. ఆ తర్వాత ఒక రోజు ఎవరూ పెట్టని చోట, ట్యాంకు వెనక అద్దం మీదో, నీళ్ళు దిగే పెట్టె గోడ మీదో, ఒంటరి నారింజ చుక్క కనిపిస్తుంది. తల్లి కడుపులో పెరిగి బయటికొచ్చిన లార్వా అక్కడ అతుక్కుందన్నమాట. దానికి మైసిస్ పట్టదు. సైక్లాప్స్ లాంటి నలుసు తిండి పెట్టాలి. గుత్తిని కోసి పంచుకోవాలంటే పాలిప్‌ల మధ్య సందులోంచి ఎముక కత్తెరతో గాని సన్న రంపంతో గాని కోసి, జెల్ సూపర్ గ్లూతో చిన్న రాయికి అంటించాలి. గల్ఫ్ తీరంలో ఉన్నవాళ్ళు విరిగిన ముక్కల్ని, పాత రాళ్ళని సముద్రంలోకి, కాలవల్లోకి వదలకండి. ఎండబెట్టి చెత్తలో వేయండి. అక్కడి డైవర్లకి ఉన్న పని చాలు.

మనవాళ్ళకి అసలు చిక్కు సెలవుల్లో వస్తుంది. నెల రోజులు ఇండియా వెళ్తే దీనికెవరు పెడతారు? చేపలకి పొడి మేత వేసే ఆటోమేటిక్ యంత్రం ఇక్కడ పనికిరాదు. బాగా తిన్న గుత్తి నెల పస్తుకి ఒక్కసారిగా చావదు గాని, చిక్కిపోతుంది. కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది. వీలైతే రీఫ్ ట్యాంకున్న స్నేహితుడింట్లో దింపి వెళ్ళండి. లేదంటే ఒక్కో పూటకి సరిపడా మైసిస్ మందుల డబ్బా గడుల్లో సర్ది ఫ్రీజర్లో పెట్టి, పక్కింటివాళ్ళ చేత బయల్దేరే ముందు రెండు పూటలు మీ ఎదురుగానే పెట్టించండి. పంపులు ఆపడం వాళ్ళకి గుర్తుంటుంది. తిరిగి వేయడం గుర్తుండదు. దానికి వాళ్ళ ఫోనులో అలారం పెట్టి వెళ్ళండి.