ఆకులు నీలంగా మిగిలిన తెరలు

పాత చిత్రవస్త్రం పక్కన 'ఇతివృత్తం నిర్ధారణ కాలేదు' అని రాసి ఊరుకునే ప్రదర్శనశాలల మీద ఈ కాలమ్‌కున్న కినుక పాఠకులకు కొత్త కాదు. ఈ వారం బెంగళూరులోని బొమ్మనహళ్ళిలో ఇంటి తెరలు అమ్మే ఒక దుకాణంలో, ఫ్లాండర్స్ అడవి దృశ్యాన్ని నీలి ఆకులతో సహా యంత్రంపై అచ్చువేసిన పాలియెస్టర్ గుడ్డ కనబడడంతో అది మళ్ళీ రాజుకుంది. నేటి బెల్జియంలోని ఔడెనార్డె వంటి పట్టణాల్లో నేసిన 'వెర్డ్యూర్' తెరల్లో, అంటే చెట్టూచేమే ప్రధానమై మనుషులు చిన్న ఆకారాలుగా మిగిలే నేతల్లో, ఆకులు మొదట పచ్చగానే ఉండేవి. నీలిమందుతో పాటు ఉన్నికి పట్టించిన పసుపురంగు వెలుతురుకు వెలిసిపోగా నీలం మిగిలింది. వెలుతురు సోకని వెనుకవైపున ఆ పచ్చదనం తరచుగా ఇంకా నిలిచి ఉంటుంది కనుకనే, వస్త్రాన్ని తిప్పి చూడనిదే చూసినట్టు కాదని ఇక్కడ పదేపదే చెప్పడం.

కోరమాండల్ తీరపు కలంకారీకీ అదే గతి పట్టింది. కరక్కాయ రసం, గేదెపాలు పట్టించిన నూలుగుడ్డపై, బెల్లంనీటిలో ఇనుపముక్కలు ఊరబెట్టి తీసిన నలుపుతో గీతలు గీసి, ఎరుపు కావలసినచోట రంగును నూలుకు పట్టి ఉంచే పటిక పూసి, చిరువేరుతో ఉడకబెట్టి, నీలం వద్దన్నచోట మైనం కప్పి నీలిమందు పట్టించి, చిట్టచివర ఆ నీలంపై పసుపు పూస్తేనే ఆకు పచ్చనయ్యేది. గవ్వల సున్నం కలిసిన కృష్ణా తీరపు ఇసుకనేలల్లో పెరిగిన చిరువేరు ఎరుపు నాలుగు శతాబ్దాలు నిలిచింది. పైపూతగా వేసిన పసుపు నిలవలేదు.

1914లో బ్రూక్లిన్ మ్యూజియం కోసం స్టీవార్ట్ క్యూలిన్ సేకరించిన, 17వ శతాబ్దపు తొలినాళ్ళ కోరమాండల్ తెర ఏడు పలకల్లో యూరోపియన్లతో సహా పలు దేశాల మనుషులు కనిపిస్తారు. వారిలో అందరినీ గుర్తించడం సాధ్యం కాలేదు. చిత్రించినవారికి ప్రతి ముఖమూ ఎవరిదో తెలిసే ఉంటుందని, ఆ జ్ఞానమే మనకు దక్కలేదని అనుకోవడం సహజం. అయితే సూదిబెజ్జాల కాగితం మీద బొగ్గుపొడి అద్ది దించుకునే మూసలు చేతులు మారేవి. ఫ్లాండర్స్‌లోనూ ఒకే నమూనాను, అంచులు మార్చి, మనుషులను తీసివేసి లేదా చేర్చి, పలుమార్లు నేసేవారు. బొమ్మనహళ్ళి గార్మెంట్ ఫ్యాక్టరీల్లో ఒకరు కాలరు, మరొకరు చేతులు కుట్టే వరుసలో, ఆ చొక్కా ఏ దేశంలో ఎవరి ఒంటిమీదికి వెళ్తుందో తెలియకపోయినా కుట్టు తిన్నగానే పడుతుంది. దూరదేశపు కొనుగోలుదారు కోసం పనిచేసిన ఆనాటి కలంకారీ కళాకారులకూ కొన్ని ముఖాలు మూసలో వచ్చిన ముఖాలే అయి ఉండవచ్చు. అప్పుడు ఆ అనిశ్చితి మన మరుపు కాదు, తెరతోపాటే పుట్టినది.

కనుక ఈ కాలమ్ ఇంతకాలం తప్పుబట్టిన ఆ వాక్యం గోడమీద ఉండదగినదే. దాని కింద ఎరుపు ఎందుకు నిలిచిందో, పచ్చ ఎందుకు నీలమైందో రాసి, తెర వెనుకవైపు ఫొటో కూడా పెట్టాలి.