శరీరమను పట్టణము – ఒక చిత్ర సమీక్ష

దేహమును తొమ్మిది వాకిళ్ళ పురమని మన పెద్దలు ఏనాడో చెప్పిరి. 2001లో అమెరికాలో వెలువడిన 'ఆస్మోసిస్ జోన్స్' అను హాస్యచిత్రము ఇట్టి పోలికనే కథగా మలచుకొన్నది. వెలుపలి కథను ఫారెల్లీ సోదరులు నటులతో తీయగా, లోపలి కథను పీట్ క్రోన్, టామ్ సీటో అనువారు కదలు బొమ్మలతో నడపిరి.

ఫ్రాంక్ అనువానికి శుచి శుభ్రములు పట్టవు. జంతుప్రదర్శనశాలలో నేలబడిన ఉడికిన గ్రుడ్డును తీసి తినును. దానితో థ్రాక్స్ అను వైరస్ లోపల ప్రవేశించును. జోన్స్ అను తెల్లరక్తకణము పోలీసు వేషమున, డ్రిక్స్ అను జలుబు మాత్రను తోడు తీసికొని, దానిని వెంటాడును.

తెల్లకణము తిరుగుచు కావలి కాయుననుట సత్యమే. 1882లో మెస్సీనాలో మెచ్నికాఫ్ పండితుడు నక్షత్రచేప డింభకములో ముల్లు గ్రుచ్చి చూడగా, సంచారకణములు దాని చుట్టును మూగినవి. ఆ దృశ్యమునందలి ఉత్సాహము ఈ చిత్రములోను కలదు. అపరిశుభ్రాహారము వలన కలుగు కీడును బాలురు నవ్వుచునే గ్రహింతురు.

అయితే లోపములును కలవు. ఆస్మోసిస్ అనగా పలుచని పొర గుండా నీరు ప్రసరించుట; తెల్లకణము కదలునది అట్లు గాదు, అమీబా వలె ప్రాకి పోవును. పేరు వేడుకకు పెట్టినదని దీనిని క్షమింపవచ్చును. జ్వరము సంగతి అట్టిది కాదు. చిత్రములో వైరస్ హైపొథలామస్ నుండి ఒక పూసను దొంగిలించుటచే ఒడలు కాగిపోవును. నిజమునకు సామాన్య జ్వరమును తెచ్చునది శరీరమే. రక్షక కణములు విడుచు పదార్థముల వలన ప్రోస్టాగ్లాండిన్ పుట్టి, హైపొథలామస్‌లోని ఉష్ణోగ్రత మట్టమును పైకి జరుపును. అనగా దొంగ పనిగా చూపబడినది కావలివాని ఆజ్ఞయే.

మాత్ర విషయమున పొరపాటు మరింత పెద్దది. డ్రిక్స్ చేతి ఫిరంగితో వైరస్‌పై కాల్చును. జలుబు మాత్ర వైరస్‌ను తాకనైన తాకదు. ముక్కు కారుటను, నొప్పిని, వేడిని తగ్గించుటయే దాని పని. మాత్రయే రోగమును చంపునను నమ్మిక ప్రబలుటచేతనే గదా, జలుబునకు సైతము యాంటీబయాటిక్కులు మ్రింగువారు కనబడుచున్నారు! అవి బాక్టీరియాపై పనిచేయును గాని వైరస్‌పై చేయవు. అనవసరముగా వాడినకొలది, వానికి లొంగని బాక్టీరియా వృద్ధియగును.

ఒక్క వీరునిపైననే కథ నిలుచుటచే లింఫోకణములకును, ప్రతిరక్షకములకును తగిన చోటు దక్కలేదు. ఒకసారి చూచిన శత్రువును గుర్తుంచుకొను కణములు లేనిదే టీకా ఫలింపదు. టీకా లేనిదే 1980 నాటికి మశూచి లోకము నుండి తొలగెడిది కాదు.

ఐనను బాలురకు ఈ చిత్రమును చూపవచ్చును. చూపిన పిమ్మట ఉపాధ్యాయుడు రెండు ప్రశ్నలు వేయుట మేలు: జ్వరమును పెంచినది ఎవరు? మాత్ర చేసినదేమి?