విప్పి కుట్టిన మెత్త

క్రొత్త మెత్తను కుట్టుట ఓపిక గల యెవరికైనను పట్టుబడును. ఏండ్ల తరబడి మనుష్యుల బరువు మోసి, చెమ్మను త్రాగి, గడ్డలు కట్టి, నడుమ గుంటపడిన పాత మెత్తను విప్పి, ఆ దూదిని ఎండకు పెట్టి, విల్లున ఏకి, చేతికి తేలికయై కంటికి రెట్టింపై కనబడునట్లు మరల పుట్టించి, అదే తొడుగులో అదే నిండుదనముతో కూర్చి కుట్టుట మాత్రము వేరొక విద్య. ఆ విద్య మన సీమలో దూదేకులవారి సొత్తు. నల్లచెరువు, కదిరి మొదలుకొని ధర్మవరము, పెనుకొండ, హిందూపురము వరకు గల మెట్టపల్లెలలో సవారిబండిలోని మెత్త, జట్కాలోని పీట, పెండ్లికూతురితో సారెగా వెళ్లు పరుపు, నేడు ట్రాక్టరుకును ఆటోకును వేయు సీటు, ఇన్నియు ఆ ఒక్క విద్యకే సంతానములని నా నిశ్చయము.

ముందుగా విల్లును గూర్చి చెప్పవలయును. ఏలయనగా దానిని చూచిన కన్నులు నానాటికి తరిగిపోవుచున్నవి. మనిషి నిలువెత్తు కొయ్య, దాని యొక కొనను వెడల్పైన పలక, ఆ కొననుండి ఈ కొనకు బిగించిన మేకప్రేగు నరము, చేతిలో ఇరుప్రక్కల గుబ్బలు గల కొయ్య, సాధనసంపత్తి యంతయు ఇంతే. విల్లు బరువు చేతిని క్రుంగదీయకుండ దానిని ఇంటి దూలమునుండి త్రాటితో వ్రేలాడదీయుదురు. నరమును దూదికుప్పలో రవ్వంత ముంచి గుబ్బకొయ్యతో లాగి కొట్టగా, ఆ కంపమునకు పోగులు నరము నంటి లేచి, ఒకదానినుండి యొకటి విడివడి, ఎదుటికి ఎగిరిపడును. గింజతునకలును, ఆకుపొట్టును, ఏండ్లనాటి దుమ్మును బరువు గలవి గావున క్రిందనే రాలిపోవును. చెప్పినంత సులువైన పని కాదిది. నరము లోతుగా మునిగినచో దూది చుట్టుకొని ముడిపడును. పైపైన తాకినచో గాలి తప్ప మరేమియు కదలదు. ఆ రెంటి నడుమ నున్న వ్రేలెడు చోటు చేతికి తెలియుటకు ఏండ్ల యభ్యాసము వలయును.

నేర్పరి విల్లు పలుకు ధ్వనియే వేరు. కదిరిలో నేనెరిగిన ఒక వృద్ధుడు వాకిట కూర్చుండి, లోపల దూది యేకుచున్న మనుమనితో “నరము సడలిండాదిరా అబ్బోడా, బిగించుకో” అని గోడ యీవలనుండియే చెప్పెడివాడు. కన్ను చూడలేని సడలింపును చెవి పట్టుకొనుట సంగీతవిద్వాంసుల యందు విన్నదే గాని, ఒక మెత్తలు కుట్టు ముసలివాని యందు చూచి నేను నివ్వెరపోయితిని. ఆయన దూదిని త్రాసున పెట్టుట నేనెన్నడు నెరుగను. రెండు చేతుల నెత్తి, ఇది మెత్తకు చాలును, ఇది దిండునకు చాలదు అని తేల్చిచెప్పును. సందేహించి తూచినవారు సిగ్గుపడి త్రాసును లోపల పెట్టుకొనిరి. హిందూపురమున జట్కాబండ్ల సీట్లకు పేరుపడిన మరియొక పనివాడు సుద్దగీత గాని, దారపుగీత గాని లేకయే కుట్ల వరుసలను తీర్చెడివాడు. ఆయన కుట్టిన సీటును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూచినచో ఒక్క కుట్టైనను వరుస తప్పియుండదు. అట్టి చేతులకు బిరుదము లెవ్వరు నీయలేదు. జట్కావాండ్రు మాత్రము వేరొకరి సీటు మీద కూర్చుండబోమని పట్టుబట్టెడివారట. అంతకు మించిన బిరుదము నాకు తోపదు.

ఈ పని ఈ సీమకు ఎప్పుడు వచ్చినదో, ఎవరు తెచ్చిరో పెద్దలు పలువిధములుగా చెప్పుదురు. పెనుకొండ దర్గా బాబయ్యగారి యందు దూదేకులవారికి మిక్కిలి భక్తి యనియు, కర్ణాటకమున పింజారులన్నను నదాఫులన్నను వీరి తోబుట్టువులే యనియు అందురు. పోతులూరి వీరబ్రహ్మముగారి ప్రియశిష్యుడు సిద్దయ్య దూదేకుల యింట పుట్టినవాడు. బుర్రకథా పితామహుడు, 1986లో పద్మశ్రీ నందుకొన్న షేక్ నాజర్ ఆ కులమువాడే. తన ఆత్మకథకు ‘పింజారి’ అనియే తలయెత్తుకొని పేరు పెట్టెను. మహాత్మాగాంధి తన ఆత్మకథలో, ఖద్దరు ఉద్యమము తొలినాళ్లలో నూలు వడకుటకు ఏకులు దొరకక తాము పడిన పాట్లు వ్రాయుచు, గంగాబెన్ అనునామె వెదకి తెచ్చిన ఒక దూదేకువానికి నెలకు 35 రూపాయలు ఇయ్యవలసివచ్చినదని చెప్పి, ఆనాడు ఏ ధరయు తనకు ఎక్కువ యనిపింపలేదని వ్రాసెను. రాట్నమునకు దండ వేసిన దేశము విల్లును మరచినది.

ఇక దూదిని నింపు విధము. నా మట్టుకు నాకు ఈ కళకు ప్రాణము ఇక్కడనే కలదు. తెలియనివారు తొడుగు మూతి తెరచి, పిడికిలి పిడికిలిగా దూదిని లోపలికి కుక్కుదురు. అట్లు కుక్కిన మెత్త మొదటి దినమున ఉబ్బి, మూడవ నెలలో ఉండలు కట్టును. తెలిసిన పనివాడు తొడుగును లోపలివైపు పైకి వచ్చునట్లు త్రిప్పి నేల మీద పరచును. దాని మీద ఏకిన దూదిని పలుచని పొరలుగా, ఒక పొర నిలువున నొక పొర అడ్డముగ పేర్చుకొనిపోవును. మూలలకు ముందు వేయును, అంచులకు పిదప వేయును, నడుమ భాగమును కడపట నింపును. మనుష్యుడు కూర్చుండునది నడుమనే యైనను, మెత్త చెడుట యారంభించునది మూలలనుండియే యని వానికి తెలియును. సన్నని బెత్తముతో మెల్లగా తట్టి ఎగుడు దిగుడులను సరిచేసి, అంతట దూదితో సహా తొడుగునంతటిని చాప చుట్టినట్లు చుట్టుకొనిపోయి, మూతి యొద్దకు రాగానే రెండు చేతులు లోపలికి పోనిచ్చి, చుట్టను పట్టి లోనిది వెలికిని వెలిది లోనికిని ఒక్క ఊపున తిరుగవేయును. చుట్ట విప్పునప్పటికి గుడ్డ పైన, దూది లోపల. వేసిన పొర వేసినచోటనే, మూల మూలలోనే యుండును! పెండ్లిపరుపు అంతటిదానిని, 10, 12 కిలోల దూది గలదానిని, తోడు లేక ఒక్కడే యిట్లు తిరుగవేయగల పనివాండ్రను నేను చూచియున్నాను. ఎన్ని మారులు చూచినను ఆ క్షణమున నా శ్వాస నిలిచిపోవును.

తరువాతిది దబ్బనము పని. మొదట అంచు. అంచు వెంబడి లోపలి దూదిని వ్రేళ్లతో పట్టి ముందుకు లాగి, పై గుడ్డను క్రింది గుడ్డను ఏటవాలు కుట్టుతో బిగించుకొనిపోగా, చుట్టును గట్టి గట్టువంటి యొక మడత యేర్పడును. సీటునకు ఈ గట్టే ఆధారము; ఇది లేని సీటు మీద కూర్చున్నవాడు బండి కుదుపునకు ముందుకు జారుచుండును, దూది ప్రక్కలకు పారిపోవును. అటుపిమ్మట నడికుట్లు. పైనుండి గ్రుచ్చిన దబ్బనమును క్రిందనుండి లాగి, గింజెడు ఎడముతో మరల పైకి తెచ్చి, దారము గుడ్డను కోయకుండ ముడి క్రింద చిన్న గుడ్డపీలికను గాని దారపుగుచ్ఛమును గాని ఉంచి ముడివేయుదురు. ఒక వరుసలోని ముడి, ప్రక్క వరుసలోని రెండు ముడుల నడుమ దిక్కునకు రావలయును. ముడిని బిగించు బలమంతయు ఒక్కతీరుగ నుండవలయును. ఒక ముడి బిగిసి యొకటి సడలినచో దూది సడలినచోటికి చేరి గడ్డకట్టును. ఈ సమత్వము కొలబద్దకు అందదు, చేతికే అందును.

ఈ యెండసీమ నుండి పడవలను గూర్చి మాటలాడుట వింతగ దోపవచ్చును. తుంగభద్రలో హంపి యొద్ద తిరుగు పుట్టిలో కూర్చున్నవారికి పుట్టి యడుగే ఆసనము. ఐనను దూదికిని పడవకును ఒక ఘనమైన చుట్టరికము కలదు. మన గట్ల మీద కాయలు పగిలి గాలికి ఎగిరిపోవు తెల్లబూరుగు దూది పోగు లోపల బోలుగను, పైన మైనపుపూతతోను ఉండుటచే నీటిని పీల్చదు. తన బరువునకు 30 రెట్ల వరకు బరువును నీటిపై తేల్చగలదందురు. అందుచేతనే ప్రపంచయుద్ధముల కాలమున నావికుల ప్రాణరక్షణకవచములలోను, పడవలలో వేయు మెత్తలలోను దానినే నింపిరి. దిండునకు బూరుగు, సీటునకు పత్తి అని మన పనివాండ్రు చేసిన విభాగము కూడ ఊరక చేసినది కాదు. బూరుగు పోగు నున్నన, పొట్టి. విల్లునకు లొంగదు, బరువు క్రింద నలిగి పొడియగును. తల మోయును గాని మనిషిని మోయజాలదు. పడవసీటును నేడు రెక్సినుతో కుట్టువారు గమనింపవలసిన దొకటి కలదు: పైకప్పుగుడ్డకు ఎంత వాన తగిలినను హాని లేదు, సూదిరంధ్రముల గుండ దిగిన నీరే లోపలిదానిని కుళ్లించును. కావున కుట్టును కూర్చుండు ముఖమున గాక ప్రక్కకు దింపి, అడుగున నీరు జారుటకు దారి విడువవలయును. దారము నూలుదిగాక కుళ్లని నైలానుదో, పాలిస్టరుదో కావలయును.

ఈ పనిని ఇంట నేర్వదలచినవారు పరుపుతో ఆరంభింపరాదు. ఉయ్యాలబల్ల మీది మెత్తయో, వాలుకుర్చీ మెత్తయో చాలును. పాతదానిని కత్తెరతో చింపక, కుట్టును ఒక్కొక్కటిగ విప్పి, ఆ తొడుగు ముక్కలనే క్రొత్త గుడ్డకు కొలతగ పరచుకొనవలయును. పాత కుట్టు దారి కంటె మంచి గురువు లేదు. దూదిని మంచి యెండలో పెట్టి, బెత్తముతో కొట్టి, గడ్డలను చేతితో విడదీయవలయును. ఇంట విల్లు లేదు గావున ఏకుటకు మాత్రము తెలిసినవాని చేతికే ఈయవలయును. మన తల్లులు పాతచీరలను పొరలుగ పేర్చి బొంతలు కుట్టుచు నేర్చిన పరుగుకుట్టు ఇచ్చట సగము పని చేసిపెట్టును. బొంత కుట్టగల చేయి మెత్త కుట్టలేకపోవుట యుండదు.

ఇంతటి విద్యను మనమేమి చేసితిమి? 1937లో జర్మనీ రసాయనవేత్త ఆటో బేయరు కనుగొన్న పాలియురెథేను పదార్థము పిదప స్పాంజియై, ఫోమై, పట్టణములను దాటి పల్లెలకు వచ్చినది. దానిని నేను ద్వేషింపను. దాని పని దానికి కలదు. కాని యెండకు పసుపెక్కి, చెమ్మకు చివికి, వ్రేలితో నొక్కిన రాలిపోవు ఆ ముక్కను విప్పి కుట్టుటకు వీలులేదు. పారవేయుటయే దాని ధర్మము. దానికంటెను ఘోరమైనది వేరొకటి కలదు. మైకు కట్టిన బండ్లు వీధి వీధి తిరిగి, పూలగుడ్డ చుట్టిన పరుపులను సగము ధరకు అమ్ముచున్నవి. ఆ పూలగుడ్డ విప్పి చూడుడు! మిల్లులు విసర్జించిన తుక్కును, యంత్రమున చీల్చిన చిత్తుగుడ్డల పీచును, స్పాంజి తునకలును కలిపి కుక్కి, దూది యని పేరు పెట్టిన మోసము కనబడును. ఒక వానకాలమునకే అది వాసన కొట్టును. ఒక తరము కూలిజనము కడుపు కట్టుకొని కూడబెట్టిన రూకలతో కూతురికి సారెగ కొనిపెట్టునది అట్టి చెత్తమూటయైనప్పుడు నా యొడలు మండును. అది పరుపు కాదు, దొంగతనము. తక్కువ ధర యనువారిని నేనొక్కటే యడుగుదును: తరచు కొని పారవేయునది చౌకయా, నాలుగైదేండ్లకొకమారు విప్పించి కుట్టించుకొని, తల్లి పరుపును మనుమరాలికి ఇచ్చునది చౌకయా?

ధర్మవరము పట్టునకు దేశమంతట కీర్తి కలదు. ఆ ధర్మవరము ప్రక్కననే యున్న నిమ్మలకుంట తోలుబొమ్మలకు 2020లో దళవాయి చలపతిరావుగారి ద్వారా పద్మశ్రీ వచ్చినది, మేమందరము పొంగిపోయితిమి. చీర కంటికి అందము, బొమ్మ మనసునకు వినోదము. వానిని ఆదరించుట ధర్మమే. కాని రైతు రాత్రి నడుము వాల్చు పరుపును, బండివాడు దినమంతయు కూర్చుండు పీటను చేసిన చేతులు కళాకారుల లెక్కలోనికి రాకుండుట యెక్కడి న్యాయము? నా పక్షపాతమని యెవరైన ననినచో ఒప్పుకొందును. ఈ పక్షమున నిలుచువారు వేరొకరు లేరు గావున నేను నిలిచితిని. ఐ.టి.ఐ.లలో మోటారుసీట్ల కుట్టు నేర్పునప్పుడు, ఆ పిల్లలకు దబ్బనపుకుట్టును, గట్టంచును, దూది పొరలు వేయు విధమును ఈ వృద్ధుల చేతనే జీతమిచ్చి చెప్పింపవలయును. లేపాక్షి పేరిట నడచు హస్తకళల అంగళ్లలో ఒక మూల విల్లు వ్రేలాడదీసి, దాని క్రింద చేతికుట్టు మెత్తలు పెట్టి అమ్మవలయును. విల్లు పట్టగలవారు బ్రతికియుండగనే ఇవి జరుగవలయును.

చదువరులకు నా మనవి యొకటే. అటకమీద పాతపరుపు గాని, గుంటపడిన సీటు గాని ఉన్నచో పాతసామాన్ల బండివానికి తూకమునకు వేయకుడు. మీ ఊరి దూదేకులవారికి కబురు పంపుడు, కూలి బేరమాడకుడు. ప్రేగునరము వానచెమ్మకు సడలును, తడిగాలిలో దూది లేవదు. కావున మాఘము మొదలు వైశాఖము వరకే ఈ పనికి అదను.